తల ఊపినవాళ్ళు

డెమోయిన్, అయోవా
1993 ఫిబ్రవరి 7

వెర్నెల్ పెద్దమ్మకు,

నువ్వు పంపిన కేకు విరక్కుండా చేరింది. ఇప్పుడు మాత్రం లేదు. నాన్న టైర్ల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి సగానికి పైగా లాగించేసి, అదంతా నేనే తిన్నానని అమ్మకు చెప్పాడు. అమ్మ నమ్మింది. నీ చెల్లెలు నా గురించి ఎవరేం చెప్పినా నమ్ముతుంది.

ఇక అసలు సంగతి. మీ టర్నర్స్ గ్రోవ్ కాలేజీ నాకు సీటిచ్చింది. నువ్వు అక్కడ చదివావు కాబట్టి ఇచ్చారని అమ్మ, నా మార్కులు చూసి ఇచ్చారని నేను పొద్దున్నుంచీ వాదించుకుంటున్నాం. అయితే వర్మాంట్ కొండల్లో ఉన్న వెంట్‌బ్రుక్ కాలేజీ కూడా ఇచ్చింది. నాకు అక్కడికే వెళ్ళాలని ఉంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఎన్నో కాగితాలు చింపాను, కాబట్టి నువ్వు దీన్ని చింపకు.

మా స్కూల్లో నా పరిస్థితి నీకు తెలుసు. చరిత్ర పాఠంలో బానిసల మాట రాగానే క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది, నేను మొన్ననే ఆ ఓడ దిగినట్టు. నల్లపిల్లలం ఇద్దరమే ఉన్నాం. రెండోది మోనిక్, నాకంటే జానెడు పొడుగు. అయినా లెక్కల టీచరు నాలుగేళ్ళుగా నన్ను మోనిక్ అనే పిలుస్తున్నాడు. మోనిక్ క్లాసు ఎగ్గొడితే మా అమ్మకు ఫోనొస్తుంది. ఇంకో నాలుగేళ్ళు ఇలా బతకడం నా వల్ల కాదు పెద్దమ్మా. ఊపిరాడదు నాకు.

అలాగని నల్లవాళ్ళ కోసమే పెట్టిన మీ కాలేజీకి వస్తే అక్కడ అందరూ మనవాళ్ళే. అందరూ ఒకే రకమైతే నేను కొత్తగా చూసేదేముంది? నాకు కావలసింది వైవిధ్యం. వెంట్‌బ్రుక్ వాళ్ళు పంపిన రంగుల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఆ మాటే కనిపిస్తుంది. ఏప్రిల్లో ఒక వారాంతం వచ్చి చూసి వెళ్ళమన్నారు, విమానం టికెట్టు కూడా వాళ్ళే పంపుతారట. వెళ్తాను సరే, పుస్తకంలో రాసింది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? నీకు తెలిసిన ఉపాయం ఉంటే రాయి. తిట్లు మాత్రం వేరే కాగితం మీద రాయి.

నీ
కోర్లిస్

*

టర్నర్స్ గ్రోవ్, అలబామా
1993 ఫిబ్రవరి 15

కోర్లిస్ దొరసాని గారికి,

తిట్లకు వేరే కాగితం దండగ. ఇందులోనే సర్దుతాను.

అందరూ ఒకే రకమా? మా హాస్టల్లో నా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకతి లూసియానా పిల్ల, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకునే రకం, చేతిలో జపమాల లేకుండా నిద్రపోయేది కాదు. ఇంకొకతి షికాగోలో డాక్టరు గారమ్మాయి, మొక్కజొన్న రొట్టెను ఫోర్కుతో తినేది. మూడోదాన్ని నేను, ఎండాకాలమంతా చెప్పుల్లేకుండా తిరిగిన అలబామా దాన్ని. మొదటి నెల ఒకరి మాట ఒకరికి ఎక్కితే ఒట్టు. పక్క గదుల్లో బహామాస్ పిల్ల దుప్పటి కప్పుకునే క్లాసుకు వచ్చేది. ఘనా పిల్ల మమ్మల్నందర్నీ చదువురాని మొద్దుల్లా చూసేది. ఇది వైవిధ్యం కాదా? ఓహో, మధ్యలో తెల్లవాళ్ళు కూర్చుంటేనే వైవిధ్యమా? అయితే ఆ మాటే సూటిగా చెప్పు, డొంకతిరుగుడెందుకు?

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటుంది మీ అమ్మ. దూరపు ఫోనంటే నా గొంతు దానంతటదే లేస్తుంది. నా దుకాణంలో జుట్టు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళంతా చెవులు రిక్కించి వింటారు. మన ఇంటి గొడవ ఆదివారానికల్లా చర్చిలో ప్రార్థన అంశమవుతుంది. ఉత్తరమే నయం.

నా మాట వినే రకం కాదు నువ్వు, అందులో మీ అమ్మను మించిపోయావు. అందుకని ఉపాయం చెబుతాను. డ్యులూత్ ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్నాను. ఆ మంచు ఊళ్ళో దారిలో మనవాళ్ళు ఎదురైతే, ముక్కూ మొహం తెలియకపోయినా సరే, కళ్ళు కలిపి గడ్డం కాస్త దించి తల ఊపేవాళ్ళు. మాటాపలుకూ ఉండదు. నిన్ను చూశాను, నేనూ ఉన్నాను, అని అర్థం. నీకూ తెలిసిందే, మీ నాన్న రోజూ చేసేదే. నువ్వు ఆ కాలేజీకి వెళ్ళినప్పుడు వాళ్ళు తిప్పిన చోటల్లా తిరగకు, చెప్పిందల్లా వినకు. ఒంటరిగా ఆ చివర నుంచి ఈ చివరకు నడువు. మనవాళ్ళు కనిపిస్తే తల ఊపు. తిరిగి ఊపేవాళ్ళు ఎంతమందో చూడు. రంగుల పుస్తకం అబద్ధం చెప్పవచ్చు గాని మనిషి తల అబద్ధం చెప్పదు.

అదే పరీక్ష ఇక్కడికీ వచ్చి చెయ్యి. మార్చిలో మీకు సెలవులు కదా. నీకు ఇష్టమైన చేప వేపుడు చేసి పెడతాను. తినిపించి మనసు మారుస్తున్నానని అనుకో, నాకేం సిగ్గు లేదు.

కోపంగా ఉన్న
వెర్నెల్ పెద్దమ్మ

*

డెమోయిన్
1993 ఏప్రిల్ 19

పెద్దమ్మా,

నిన్న రాత్రే వెంట్‌బ్రుక్ నుంచి వచ్చాను. పరీక్ష రెండు చోట్లా అయింది. ఫలితం చెప్పే ముందు ఒక మాట: పరీక్ష పెట్టింది నువ్వు, నేను కాదు.

మార్చిలో నీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నువ్వు దుకాణంలో ఉంటే నేనొక్కదాన్నే మీ కాలేజీలో తిరిగాను. గేటు దగ్గర మొదలుపెట్టి కనిపించిన ప్రతి ఒక్కరికీ తల ఊపాను. ఒక్కరంటే ఒక్కరు తిరిగి ఊపలేదు. ముగ్గురమ్మాయిలు ఏదో పోట్లాడుకుంటూ నన్ను గుద్దుకుని మరీ వెళ్ళారు. ఒక అబ్బాయి నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు. ఇంకొకడు ఆగి, 'మెడ పట్టేసిందా?' అని అడిగాడు. భోజనశాలలో వడ్డించే ఆవిడ, 'ఊగింది చాల్లే, పళ్ళెం పట్టు, వెనక లైను ఆగిపోయింది,' అంది. ఆ రాత్రి నువ్వు అంత ఆశగా, 'ఎలా ఉందే మా కాలేజీ?' అని అడిగితే నీ మొహం చూసి చెప్పలేక బాగుందన్నాను.

వెంట్‌బ్రుక్‌లో చూడాలి నువ్వు. నన్నొక తెల్లమ్మాయి గదిలో దింపి, ఏ క్లాసు ఎప్పుడు చూడాలో రాసిచ్చారు. ఆ చీటీని జేబులో పెట్టుకుని నువ్వు చెప్పినట్టే ఒంటరిగా నడిచాను. లైబ్రరీ మెట్ల మీద పొడుగాటి కుర్రాడొకడు, భుజాన సంచి, ఆ భవనం తనదే అన్నట్టు నిలబడ్డాడు. నేను ఊపాను. అతను ఎంత హుందాగా ఊపాడో చెప్పలేను. చెరువు గట్టున ఒకమ్మాయి, పుస్తకాల కొట్టులో ఇద్దరు, భోజనశాలలో గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర, ఎక్కడ చూస్తే అక్కడ మనవాళ్ళు. అందరూ ఊపేవాళ్ళే. చివరికి నా మెడ నిజంగానే నొప్పెట్టింది.

అక్కడికే వెళ్తున్నాను. ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపేశాను. పెద్దమ్మా, ఆ మెట్ల మీది కుర్రాడు ఊపగానే నాకు ఏడుపొచ్చింది. వచ్చే నాలుగేళ్ళు నేనొక్కదాన్నే కానన్న మాట.

నీ ఉపాయానికి రుణపడ్డ
కోర్లిస్

*

టర్నర్స్ గ్రోవ్
1993 ఏప్రిల్ 27

ఏమే పిల్లా,

నీ ఉత్తరం చదివి, జుట్టు సాపు చెయ్యడానికి పొయ్యి మీద పెట్టిన ఇనుప దువ్వెన మర్చిపోయాను. ఎర్రగా కాలిపోయింది.

ఎందుకు ఊపుతారే వాళ్ళు? మీ ఇంట్లో వంటగదిలోంచి హాల్లోకి వెళ్తూ మీ అమ్మ ఎదురైతే తల ఊపుతావా? ఇక్కడ అటు చూసినా ఇటు చూసినా మనమే. కనిపించిన ప్రతివాడికీ తల ఊపుతూ పోతే క్లాసుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. నన్నడిగితే ఆ కుర్రాడు మెడ గురించి అడగడమే గొప్ప, వాడెవరో గాని మంచి ఇంటి పిల్లాడు. డ్యులూత్‌లో మేం ఎందుకు ఊపేవాళ్ళం? ఊళ్ళో వెతికితే గుప్పెడు మంది లేం కాబట్టి. తల ఊపడం అంటే నువ్వు మా ఇంటికొచ్చావని కాదు, నువ్వూ దారి తప్పావా అని.

ఇంతా చేసి నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఆ మంచు కొండల్లో అంతమంది మనవాళ్ళు ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? ఊడిపడ్డారు పో, అంతమంది ఉన్నాక ఇంకా ఒకరికొకరు ఊపుకోవడమేమిటి? వాళ్ళకింకా విసుగు రాలేదా? ఏదో తేడాగా ఉంది కోర్లిస్. సంతకం పెట్టేముందు ఒక్క మాట నాకు రాయకపోయావా?

మీ అమ్మతో మాట్లాడను. మీ నాన్నతో అసలే మాట్లాడను, కేకు తిన్నందుకు.

పెద్దమ్మ

*

డెమోయిన్
1993 మే 6

పెద్దమ్మా,

నువ్వు పెట్టిన పరీక్షలో నీ కాలేజీ తప్పింది, కాబట్టి ఇప్పుడు పరీక్షే తప్పంటున్నావు. మా లెక్కల టీచరు కూడా ఇంత అన్యాయం చెయ్యడు, ఆయన కనీసం మోనిక్ మార్కులు నాకు వేస్తాడు.

నీకు కోపమెందుకో నాకు తెలుసు. నేను మీ దారిన రాలేదని. నిన్ను కాదనుకున్నానని నువ్వనుకుంటున్నావు. నేను కాదన్నది కాలేజీని, నిన్ను కాదు. ఆ తేడా నీకు తెలియకపోతే నేను చెప్పగలిగిందేమీ లేదు.

స్కూలు ముగింపు వేడుక జూన్ మొదటి శనివారం. నీ కుర్చీ నీకుంటుంది. రావడం నీ ఇష్టం.

కోర్లిస్

*

వెంట్‌బ్రుక్, వర్మాంట్
1993 సెప్టెంబరు 19

పెద్దమ్మా,

జూన్లో వచ్చావు, కుర్చీలో కూర్చున్నావు, కేకు తెచ్చావు, వెంట్‌బ్రుక్ మాట మాత్రం ఎత్తలేదు. అప్పుడు నాకు మండుకొచ్చింది. ఇప్పుడు ఆ మాట నేనే ఎత్తుతున్నాను. నవ్వాలనుంటే నవ్వు.

నేనిక్కడికి వచ్చి మూడు వారాలైంది. మొదటి రోజు నడిచాను, తల ఊపడానికి మనిషి దొరకలేదు. ఇంకా అందరూ ఊళ్ళ నుంచి రాలేదేమో అనుకున్నాను. రెండో రోజు క్లాసుల్లో ఉన్నారేమో అనుకున్నాను. వారం గడిచాక ఇక నాకు సాకులు దొరకలేదు. ఏప్రిల్లో చూసినవాళ్ళంతా ఏమయ్యారు, నేల మింగిందా అనుకుంటూ తిరుగుతుంటే, భోజనశాలలో ఆ మెట్ల మీది పొడుగాటి కుర్రాడు కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది. పళ్ళెం పట్టుకుని పరుగున వెళ్ళాను.

'హమ్మయ్య, సీనియర్లలో ఒక్కరైనా కనిపించారు. మిగతావాళ్ళంతా ఎక్కడ?' అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. 'సీనియరెవరు? నువ్వు కదా సీనియర్‌వి?'

'నేనా? నేను మూడు వారాల కింద వచ్చాను.'

'నేనూ అంతే. మరి ఆ రోజు లైబ్రరీ దగ్గర అంత దర్జాగా తల ఊపావే? ఎన్నేళ్ళ నుంచో ఇక్కడున్నదానిలా. నిన్ను చూసే కదా నేను సంతకం పెట్టింది.'

అద్దం ముందు సాధన చేసి వెళ్ళానని అతనికి ఎలా చెప్పను? ఇద్దరం పళ్ళేలు తీసుకుని ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. పేరు థర్మన్, బాల్టిమోర్ వాడు. అతనూ వాళ్ళ తాతయ్య చెప్పిన ఉపాయంతో వచ్చాడట. ఏం ఉపాయమో నీకు చెప్పక్కర్లేదు.

సంగతేమిటంటే ఆ వారాంతం మనవాళ్ళ కోసమే పెట్టింది. దేశం నలుమూలల నుంచీ ఏరి టికెట్లు పంపి పిలిచారు. ఒక్కొక్కరినీ ఒక్కో తెల్ల విద్యార్థి గదిలో దింపి ఒక్కొక్కరికీ వేరే చీటీ ఇచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్ళం ఒకరినొకరు చూసుకుని, ఆహా ఎంత నిండుగా ఉంది అనుకుని వెళ్ళిపోయాం. మళ్ళీ వచ్చింది నలుగురం: నేను, థర్మన్, రోషెల్, డెస్మండ్. పై క్లాసులో ఇద్దరున్నారట, ఆఖరి ఏడు స్పెయిన్‌లో చదువుకుని అటు నుంచి అటే వెళ్ళిపోతారట. మరి నల్లపిల్లలు ఇంతమందని పుస్తకంలో రాసిన లెక్క ఎలా వచ్చిందని అడిగితే, ఈత జట్టువాళ్ళు ఎండకు నల్లబడతారు కదా, వాళ్ళనూ కలిపి ఉంటారు అంటాడు థర్మన్.

సీట్ల ఆఫీసులో ఫాసెట్ గారనే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి అడిగాను. చాలా మంచివాడు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, 'మేం ఎక్కడా అబద్ధం చెప్పలేదమ్మా. ఆ రోజు మీరు చూసినవాళ్ళంతా నిజంగా మా క్యాంపస్‌లోనే ఉన్నారు కదా,' అన్నాడు.

ఇక్కడ చరిత్ర క్లాసులో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మర్యాదస్తులు. ప్రొఫెసరే నెమ్మదిగా, 'దీని మీద కోర్లిస్ ఏమంటుందో విందాం,' అంటాడు. అందరూ పెన్నులు తీస్తారు.

నీ
కోర్లిస్

*

టర్నర్స్ గ్రోవ్
1993 సెప్టెంబరు 28

నా పిచ్చి తల్లికి,

నవ్వాను. దాచడమెందుకు? నీ ఉత్తరం దుకాణంలో చదువుతూ నవ్వు ఆపుకోలేక వేడి దువ్వెనతో మిసెస్ పెటిగ్రూ చెవి కాల్చాను. ఆవిడ అరిచిన అరుపుకు ఎదురుగా బార్బరు షాపు వాళ్ళు వచ్చి చూశారు.

ఒక్క మాట స్పష్టంగా ఉండాలి. నా ఉపాయంలో తప్పు లేదు. తల ఊపినవాళ్ళు నిజమైన మనవాళ్ళే, ఊపిన ఊపూ నిజమే. మీదే ఊరు, ఎప్పుడొచ్చారు అని నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగాలని కూడా నేనే చెప్పాలా? పద్దెనిమిదేళ్ళదానివి. నువ్వు తల ఊపావు, వాడు తల ఊపాడు, ఇద్దరూ జీవితాలు రాసిచ్చేశారు. ఇలా పెళ్ళిళ్ళు కూడా చేసుకోరు.

నవ్వడం అయింది. రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు. ఏడుస్తున్నావా కోర్లిస్? ఏడుస్తుంటే ఏడుస్తున్నానని రాయి, జోకులు రాయకు. మా డీన్ గారి భార్య జుట్టు నా చేతిలోనే ఉంటుంది. నీ సీటు జనవరి దాకా తియ్యరు, మాట తీసుకున్నాను. వచ్చెయ్. ఎవరూ ఏమీ అనరు. నేను కూడా అనను. అనకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను.

నీ
పెద్దమ్మ

*

వెంట్‌బ్రుక్
1994 ఫిబ్రవరి 20

పెద్దమ్మా,

జనవరిలో వస్తానని నువ్వు మేడ మీది గది తుడిపించి పెట్టావట. అమ్మ చెప్పింది. రానందుకు నీకు కోపం లేదని కూడా చెప్పింది, అంటే చాలా కోపంగా ఉన్నావన్న మాట.

ఏడ్చాను. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. అక్టోబరంతా ఏడ్చాను. బట్టలు సర్దుకున్నాను కూడా. కాని నేను వచ్చేస్తే ఇక్కడ ముగ్గురే మిగులుతారు. థర్మన్ నన్ను చూసి వచ్చాడు. రోషెల్ థర్మన్‌ను చూసి వచ్చింది. డెస్మండ్ ఎవర్ని చూసి వచ్చాడో చెప్పడు గాని రోషెల్‌నే అని మాకందరికీ తెలుసు. ఇందులోంచి ఒకరు కదిలితే మిగతాది కూలుతుంది. చలి మాత్రం నువ్వు చెప్పిన డ్యులూత్ కంటే ఎక్కువే. మూడు పూటలా నలుగురం కలిసి తింటాం, ఒకరి జోకులు ఒకరికి కంఠతా వచ్చేశాయి.

ఇప్పుడొక చిక్కొచ్చి పడింది. ఏప్రిల్లో మళ్ళీ ఆ వారాంతం. ఫాసెట్ గారు మా నలుగుర్నీ పిలిచి కొత్తగా వచ్చేవాళ్ళను తిప్పి చూపించమన్నాడు. 'మీరేమీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, అక్కడక్కడా కనిపిస్తే చాలు,' అన్నాడు. లైబ్రరీ మెట్లు థర్మన్‌కు ఇచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళకు నిజం చెప్పేద్దాం అన్నాను. థర్మన్ ఒప్పుకోలేదు. అతనన్నది రాస్తాను, నువ్వే చెప్పు ఇందులో తప్పేముందో:

'నిజం చెబితే ఒక్కరూ రారు. మనం నలుగురమే ఉంటాం, ఇంకో మూడేళ్ళు. చెప్పకపోతే ఒక నలుగురొస్తారు, ఎనిమిదిమందిమి అవుతాం. వాళ్ళూ వచ్చే ఏడు నోరు మూసుకుంటే పదహారు. అప్పుడు పుస్తకంలో రాసింది నిజమవుతుంది. నువ్వు చేస్తానంటున్న పని ఆ అబద్ధాన్ని అబద్ధంగానే ఉంచడం.'

రాత్రి నాకు నిద్ర పట్టడం లేదు పెద్దమ్మా. అతను చెప్పింది తప్పని నాకు తెలుసు. కాని వాళ్ళు రావాలని నాకు ఎంతగా ఉందో నీకు చెప్పలేను. ఇంకొక్కరు, ఒక్కరు వచ్చినా చాలు.

కోర్లిస్

*

టర్నర్స్ గ్రోవ్
1994 మార్చి 6

కోర్లిస్ తల్లీ,

నాకు కోపం లేదు. గది అద్దెకిచ్చేశాను.

నీ వైవిధ్యం మా ఊరికీ వచ్చిందని తెలుసా? మా కాలేజీ పెద్దలు మీటింగు పెట్టి, అందరూ మనవాళ్ళే అయితే బాగుండదు, తెల్లపిల్లలు కూడా కావాలన్నారు. నేను లేచి, 'మా చెల్లెలి కూతురు ఇదే మాటంటే ఏడాది పాటు తిట్టాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఊరుకోను?' అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. పైగా పాత విద్యార్థిని కదా అని, చూడ్డానికి వచ్చిన మొదటి తెల్లపిల్లాణ్ణి నాకే అప్పగించారు. పేరు రస్టీ, పక్క జిల్లా కోళ్ళఫారం వాళ్ళబ్బాయి. వాడింకా చేరనేలేదు, అప్పుడే ఫొటో తీసి కొత్త పుస్తకం అట్ట మీద వేశారు. వాడి చుట్టూ మన పిల్లలు మెట్ల మీద కూర్చుని పళ్ళికిలిస్తున్నారు.

వాణ్ణి దుకాణానికి తెచ్చి కోలా ఇచ్చాను. కుర్చీ అంచున కూర్చుని, చెవులు ఎర్రగా చేసుకుని, గొంతు తగ్గించి అడిగాడు, 'మేడమ్, ఇక్కడ మావాళ్ళు ఎంతమంది ఉంటారు?'

నాకు ఒక్క క్షణం భలే సంబరమేసింది. ఈ ప్రశ్న ఒక తెల్లవాడి నోట వినడానికే దేవుడు నన్నింతకాలం ఉంచాడనుకున్నాను. చాలామంది ఉన్నారు నాయనా అని చెప్పి పంపుదామా అనుకున్నాను. కాని వాడి కళ్ళు నీ కళ్ళలాగే బెదిరి ఉన్నాయి. 'నువ్వొక్కడివే బాబూ. నీతో పాటు చర్చిలో ఆర్గాను బాగుచెయ్యడానికి వచ్చే ముసలాయన, ఆయన కూడా ఆరు నెలలకోసారి,' అన్నాను. వాడు కోలా ఆఖరి చుక్క దాకా తాగాడు. తర్వాత థ్యాంక్స్ చెప్పి వెళ్ళాడు. వస్తాడో రాడో నాకు తెలియదు. వస్తే తెలిసే వస్తాడు.

నీ థర్మన్ లెక్క బాగానే ఉంది. ఒకటే అడుగు. అక్టోబరంతా నువ్వు ఏడ్చావు, ఆ ఏడుపు ఆ పదహారు మందికీ పంచుతాడా?

నిజం చెప్పు. చెప్పి, మా కాలేజీ అడ్రసు, నా అడ్రసు రాసివ్వు. ఒకమ్మాయికి ఒంటరితనం పడదంటే, ఆమె ఎవరో కూడా ఎవరూ పట్టించుకోనంతమంది ఉండే చోటొకటి ఉందని చెప్పు. అక్కడ వెర్నెల్ అనే ఆవిడ చేప వేయిస్తుందని చెప్పు. నువ్వు ఎలాగూ రాకపోతివి, ఆ చేప ఇంకెవరికైనా పెడతాను.

నీ
పెద్దమ్మ

*

వెంట్‌బ్రుక్
1994 ఏప్రిల్ 18

పెద్దమ్మా,

అయిపోయింది. ఇప్పుడే ఆఖరి బస్సు వెళ్ళింది. నాకు నిద్ర లేదు, చేతిరాత అర్థం కాకపోతే అమ్మకు పంపకు, నువ్వే కూడబలుక్కుని చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. చిన్న కాగితం ముక్కల మీద మీ కాలేజీ అడ్రసు, నీ అడ్రసు రాసి కోటు జేబులో వేసుకుని రెండు రోజులూ తిరిగాను. తల ఊపిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆగాను. 'నేను ఇక్కడ చదువుతున్నాను. మేం నలుగురమే. మిగతావాళ్ళంతా నీలాగే చూడ్డానికొచ్చినవాళ్ళు, రేపు వెళ్ళిపోతారు,' అని చెప్పాను. డెట్రాయిట్ కుర్రాడొకడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పక్కనున్నవాణ్ణి మీదే ఊరని అడిగి, వెంటనే వాళ్ళమ్మకు ఫోన్ చెయ్యడానికి వెళ్ళాడు. ఇద్దరమ్మాయిలు కాగితాలు తీసుకుని అలబామాలో చలి ఎలా ఉంటుందని అడిగారు. నీ దగ్గరికి వస్తారు, చూసుకో. శనివారం సాయంత్రానికి విషయం అందరికీ పాకిపోయింది. చెరువు గట్టున ఒకరికొకరు ఎదురై, తల ఊపబోయి, పకపకా నవ్వుకున్నారు.

థర్మన్ లైబ్రరీ మెట్ల మీద నిలబడనే లేదు. నాతో మాట్లాడటం కూడా మానేశాడు. 'మా అందరి తరఫునా నువ్వే తేల్చేశావు కదా, ఇక నువ్వే ఉండు,' అన్నాడు. రెండు రోజుల నుంచి మా బల్ల దగ్గర ముగ్గురమే తింటున్నాం. మంచిపని చేస్తే మనసు తేలికవుతుందని చర్చిలో చెబుతారు, నాకింకా కాలేదు.

నిన్న మధ్యాహ్నం ఒక పిల్ల మిగిలింది. ట్వైలా. మొంటానాలో గోధుమ పొలాల మధ్య ఏదో ఊరట, వాళ్ళ నాన్న రైల్వేలో మెకానిక్కు. నా వెనకే తిరిగింది. భోజనశాలలో నాకూ రోషెల్‌కూ డెస్మండ్‌కూ ఎదురుగా కూర్చుంది. అందరికీ చెప్పిందే ఆమెకూ చెప్పాను.

'నలుగురే?' అంది.

'నలుగురమే. ఇప్పుడు ఒకడు అలిగాడు.'

'రోజూ ఉంటారా?'

'ఎక్కడికి పోతాం? రోజూ ఉంటాం.'

'రోజూ ఇలాగే కలిసి తింటారా?'

'మూడు పూటలా. మొహం మొత్తేదాకా,' అన్నాడు డెస్మండ్.

ఆ పిల్ల ఫోర్కు కింద పెట్టింది. 'మా ఊళ్ళో మా ఇల్లొకటే. మా స్కూల్లో ఒకటో తరగతి నుంచీ నేనొక్కదాన్నే. మా అమ్మానాన్నా కాకుండా మనవాళ్ళతో కూర్చుని అన్నం తినడం నాకు ఇదే మొదటిసారి,' అంది. 'సంతకం ఎక్కడ పెట్టాలి?' అని అడిగింది.

అందరూ పారిపోయే మాటకు ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. రోషెల్ మొహం తిప్పుకుంది. డెస్మండ్ లేచి ఆమెకు ఇంకో కేకు ముక్క తెచ్చాడు. ఫాసెట్ గారు ఆమె కాగితాలు తీసుకుని, 'నీ అంత చక్కగా మన కాలేజీ గురించి చెప్పేవాళ్ళు లేరు కోర్లిస్, వచ్చే ఏడు కూడా నువ్వే,' అన్నాడు.

పెద్దమ్మా, అప్పటికి నా జేబులో కాగితం ముక్క ఇంకొకటి ఉంది. ఆ పిల్లకు నలుగురే ఇంత పండగైతే, వేలమంది ఉన్న చోటు చూస్తే ఏమైపోతుందో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, నీ దగ్గరికి వచ్చేసేది. చెప్పాల్సింది. బస్సు ఎక్కేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను, జేబులో చెయ్యి పెట్టుకునే నిలబడ్డాను.

ఇవ్వలేదు. వచ్చే ఏడు మేం ఐదుగురం.

నీ
కోర్లిస్